కన్నాంబ గారిని చూపించి పిల్లల్ని నవ్వించకండి: నటన నేర్పే గురువులకు బహిరంగ లేఖ

విశ్వవిద్యాలయాల రంగస్థల కళల శాఖల్లో పాఠాలు చెప్పే అధ్యాపకులకు, సినిమా నటన నేర్పే సంస్థల్లోని గురువులకు నమస్కారం.

నేను ముప్పై ఏళ్లకు పైగా కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో పద్య నాటకాలు వేశాను. ఉద్యోగం చేసుకుంటూ, సెలవులు పెట్టుకుని, రాత్రి బస్సుల్లో తిరిగి వేసిన నాటకాలు. హరిశ్చంద్రుడు, నక్షత్రకుడు, అర్జునుడు నా పాత్రలు. ఇప్పుడు ఊపిరి సహకరించక మానేశాను. మీకు ఇంతవరకు ఎప్పుడూ ఉత్తరం రాయలేదు. మొన్న సంక్రాంతి సెలవుల్లో జరిగిన ఒక చిన్న విషయం వల్ల రాయాల్సి వచ్చింది.

మా చెల్లెలి మనవరాలు నటనలో కోర్సు చేస్తోంది. పండక్కి ఇంటికొచ్చి, భోజనాలయ్యాక నా పక్కన కూర్చుని ఫోనులో ఒక వీడియో చూపించింది. అందులో పాతతరం నాటక, సినిమా నటి కన్నాంబ గారు కొడుకు కోసం ఏడుస్తున్నారు. ఎవరో కోసి పెట్టిన ముక్క, నలభై సెకన్లు కూడా ఉండదు. "తాతయ్యా, మా సార్ ఇది క్లాసులో వేసి, ఓవర్ యాక్షన్ అంటే ఇదే, ఇలా చేయకూడదు అన్నారు. అందరం నవ్వాం. తర్వాత ఒక్కొక్కళ్లని పిలిచి అలా చేసి చూపించమన్నారు. నేను బాగా చేశానట" అంది. అని నాకూ చేసి చూపించింది. చేతులు పైకెత్తి, కళ్లు పెద్దవి చేసి, గొంతు వణికిస్తూ.

ఆ సినిమా పేరేంటమ్మా అని అడిగాను. తెలీదంది. ఏ సంవత్సరం? తెలీదు. ఆ తల్లి ఎందుకు ఏడుస్తోంది? అదీ తెలీదు. ఆవిడెవరు? "ఎవరో పాత హీరోయిన్ అట."

ఆ సంస్థ పేరు, ఆ మాస్టారి పేరు ఇక్కడ రాయను. ఒక్క చోట జరిగిన తప్పయితే ఆయనకే ఫోన్ చేసి మాట్లాడేవాణ్ణి. కానీ ఇదే మాట నేను నాటక పరిషత్తుల్లో విన్నాను, టీవీ కార్యక్రమాల్లో విన్నాను. సహజ నటన గొప్పదని చెప్పడానికి పాతవాళ్లను పక్కన నిలబెట్టి తక్కువ చేసి చూపించడం మామూలైపోయింది. అందుకే మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

ఆ రోజు నేను పాపతో వాదించలేదు. ఫోను బల్ల మీద బోర్లా పెట్టి, బొమ్మ చూడకుండా మళ్లీ వినమన్నాను. ఇద్దరం కళ్లు మూసుకుని విన్నాం. ఆ ఏడుపులో ప్రతి మాటా చివరి అక్షరం దాకా వినబడింది. 'ళ' ఎక్కడా 'ల' కాలేదు, 'ణ' ఎక్కడా 'న' కాలేదు. వెక్కిళ్ల మధ్య కూడా ఒత్తులు ఒత్తుల్లాగే ఉన్నాయి. ఆవిడ ఊపిరి ఎక్కడ తీసుకున్నారో పట్టుకోవడానికి మూడుసార్లు వెనక్కి తిప్పి వినాల్సి వచ్చింది. తర్వాత అవే మాటలు, అంతే వేగంతో, ఏడుస్తూ చెప్పమని పాపకిచ్చాను. రెండో వాక్యం సగంలో ఊపిరి అయిపోయింది. ఇంకోసారి ప్రయత్నించింది. అప్పుడు మాటలు ఏడుపులో కలిసిపోయాయి, ఏమంటోందో నాకే అర్థం కాలేదు. "ఇంత కష్టమా తాతయ్యా" అంది.

ఆ గొంతు ఎక్కడ తయారైందో మీ విద్యార్థులకు చెప్పాలి కదా.

కన్నాంబ గారు పెరిగింది ఏలూరులో. ఆవిడ రంగస్థలం ఎక్కిన కథ నాటకాలవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పట్లో ఆడవేషాలు ఎక్కువగా మగవాళ్లే కట్టేవారు. ఏలూరులో హరిశ్చంద్ర నాటకం ఆడుతున్నారు. శ్మశానం సీను వచ్చింది. చచ్చిపోయిన లోహితాస్యుణ్ణి ఒళ్లో పెట్టుకుని చంద్రమతి ఏడవాలి. ఆ వేషం కట్టిన కుర్రాడికి గొంతు పలకడం లేదు, ఏడుపు రావడం లేదు, జనం గోల చేస్తున్నారు. అప్పుడు ప్రేక్షకుల్లో కూర్చున్న చిన్నమ్మాయి లేచి ఆ వేషం నేను కడతానందట, కట్టిందట, గోల చేసిన జనమే కళ్లు తుడుచుకున్నారట. ఇలాంటి కథలకు చెప్పేవాళ్లు కొంత మెరుగు పెడతారు, నిజమే. కానీ ఆవిడ మొదట చంద్రమతిగా పేరు తెచ్చుకున్నారన్నది మాత్రం రుజువున్న మాటే. 1935లో పి. పుల్లయ్య దర్శకత్వంలో 'హరిశ్చంద్ర' తీసినప్పుడు అద్దంకి శ్రీరామమూర్తి హరిశ్చంద్రుడు, చంద్రమతి కన్నాంబ. సినిమాల్లో ఆవిడ మొదటి అడుగు ఆ శ్మశానం సీనుతోనే పడింది.

ఒక ఆడపిల్ల రంగస్థలం ఎక్కితే ఊరు ఏమనేదో ఈ తరం పిల్లలకు తెలియదు. ఆడవేషం ఆడవాళ్లే కట్టాలని బళ్లారి రాఘవ లాంటి మహానటుడు గట్టిగా పట్టుబట్టాల్సి వచ్చిన రోజులవి. అలాంటి రోజుల్లో కన్నాంబ గారు నటిగా నిలబడడమే కాదు, భర్త కడారు నాగభూషణం గారితో కలిసి సొంత నాటక సమాజం పెట్టి ఊళ్లు తిరిగారు. తెరలు, కిరీటాలు, హార్మోనియం పెట్టె, పాతిక ముప్పై మంది మనుషులు, వాళ్ల తిండి, జీతం. కొద్దోగొప్పో నాటకాలు వేయించినవాణ్ణి కాబట్టి అదెంత టెన్షనో నాకు తెలుసు.

అప్పటి రంగస్థలం గురించి ఒక మాట చెప్పాలి. మైకులు అన్ని ఊళ్లకూ రాలేదు. పెట్రోమాక్స్ దీపాల వెలుగులో, తాటాకు పందిరి కింద, వందల మంది ముందు నాటకం. ముందు వరసలో కుర్చీల్లో పెద్దలు, వెనక నేల మీద జనం, ఆ వెనక బళ్లు కట్టుకుని వచ్చినవాళ్లు. ఆ చివరి బండి మీద కూర్చున్న ముసలమ్మకు కంటి నీరు కనబడదు. ఆమెకు చేరేది రెండే: గొంతు, చెయ్యి. అందుకే చెయ్యి పైకి లేస్తుంది. అందుకే గొంతు సాగుతుంది. మీ విద్యార్థులు చూసి నవ్విన ఆ చెయ్యి ఆ ముసలమ్మ కోసం లేచిన చెయ్యి.

నాకు ఇది పుస్తకం చదివి తెలిసింది కాదు. ఒకసారి ఒక పల్లెటూళ్లో హరిశ్చంద్ర వేస్తున్నాం. సరిగ్గా కాటిసీనులో కరెంటు పోయింది, మైకు పోయింది. పెట్రోమాక్స్ ఒకటి తెచ్చి పెట్టారు. నేను హరిశ్చంద్రుణ్ణి, కాటి సుంకం అడగాలి. గట్టిగా అరిచాను. మూడో వరస దాటి వినబడలేదని వెనక నుంచి కేకలు. ఇంకా గట్టిగా అరిచాను, గొంతు చీలింది. అప్పుడు చంద్రమతి వేషంలో ఉన్న పెద్దావిడ, అరవై దాటిన మనిషి, నా మోచెయ్యి పట్టుకుని నెమ్మదించమని నొక్కి, తన పద్యం ఎత్తుకున్నారు. ఆవిడ అరవలేదు. స్థాయి నాకంటే తగ్గించారు. అచ్చుల్ని సాగదీసి, హల్లుల్ని గట్టిగా కొట్టారు. ప్రతి పాదం చివర ఒక్క క్షణం ఆగారు. రెండో పాదానికల్లా వెనక గోల ఆగిపోయింది. పద్యం అయ్యేసరికి పందిరి బయట కుక్క మొరగడం కూడా వినబడింది. నాటకం అయ్యాక ఎక్కడ నేర్చుకున్నారమ్మా అని అడిగితే, "చిన్నప్పుడు కన్నాంబ రికార్డు అరిగిపోయేదాకా విన్నా బాబూ" అన్నారు.

ఇక సినిమా. తొలి టాకీల్లో ప్లేబ్యాక్ లేదు. పాట ఎవరిది వాళ్లే, కెమెరా ముందు నటిస్తూనే పాడాలి. వాయిద్యాలవాళ్లు సెట్టు చాటున కూర్చుని వాయించేవారు. మైకు ఎటుంటే అటు గొంతు పోవాలి, ఒక మాట జారితే మళ్లీ మొదటి నుంచి. నాటకాల నుంచి వచ్చినవాళ్లే ఆ పని చేయగలిగారు. 1936లో ద్రౌపది కథతో రెండు సినిమాలు పోటాపోటీగా వచ్చాయి. 'ద్రౌపదీ మానసంరక్షణం'లో సురభి కమలాబాయి ద్రౌపది, బళ్లారి రాఘవ దుర్యోధనుడు. 'ద్రౌపదీ వస్త్రాపహరణం'లో కన్నాంబ ద్రౌపది, యడవల్లి సూర్యనారాయణ దుర్యోధనుడు. జనం రెండోదాన్ని గెలిపించారు. తెలుగు రంగస్థలం తన దగ్గరున్న గట్టివాళ్లందరినీ ఒకేసారి తెర మీదకు పంపిన సందర్భం అది. నా దృష్టిలో ఈ ఒక్క ఏడాది మీద ఒక వారం పాఠం చెప్పొచ్చు.

1938లో హెచ్.ఎం. రెడ్డి తీసిన 'గృహలక్ష్మి'లో ఆవిడ దేవుడు లేడని, సత్యం చచ్చిపోయిందని అరుస్తూ వీధిలో పరుగెత్తే సీను గురించి మా నాన్నమ్మ చెప్పేది. ఆమె ఆ సినిమా చూసి ఎన్నో ఏళ్లయినా ఆ మాటలు చెప్పేటప్పుడు గొంతు మారేది. ఆ రోజుల్లో కన్నాంబ లోలాకులు, కాంచనమాల గాజులు అని ఆడవాళ్లు అడిగి మరీ చేయించుకునేవారు. మా నాన్నమ్మకూ ఆ లోలాకులు ఉండేవి. నగ పోయినా పేరు మాత్రం మా ఇంట్లో నిలిచింది. 1940లో 'చండిక'లో ఆవిడ కత్తి పట్టారు, గుర్రం ఎక్కారు. అందులో బళ్లారి రాఘవ కూడా ఉన్నారు. ఆడవేషం ఆడవాళ్లే కట్టాలని కొట్లాడిన మనిషి పక్కన, ఆ మాట నిజం చేసిన నటి.

1942లో వచ్చిన తమిళ సినిమా 'కణ్ణగి' గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కన్నాంబ గారి మాతృభాష తమిళం కాదు. డైలాగులు తెలుగు లిపిలో రాసుకుని కంఠస్థం చేసేవారని చెబుతారు. కణ్ణగి అంటే తమిళులకు సీత, సావిత్రి లాంటి పేరు. భర్తను అన్యాయంగా చంపించిన పాండ్యరాజు కొలువులోకి ఒంటి అందెతో వెళ్లి, దాన్ని పగలగొట్టి నిజం నిరూపించే స్త్రీ. ఆ కొలువు సీనులో ఇళంగోవన్ రాసిన నిండు తమిళాన్ని తెలుగింటి ఆడపడుచు చెబితే తమిళనాడు ఒప్పుకుంది, నెత్తిన పెట్టుకుంది. పరాయి భాషలో ఉచ్చారణ ఎలా సాధించాలో మీరు వర్క్‌షాపులు పెడుతుంటారు. ఈ ఒక్క సీను ముందు పెట్టుకుని కూర్చోండి.

ఆవిడకు గొంతెత్తడం ఒక్కటే తెలుసు అనేవాళ్లకు 1947 నాటి 'పల్నాటి యుద్ధం' చూపించాలి. గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టి మధ్యలోనే కన్నుమూస్తే ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేసిన సినిమా. బ్రహ్మనాయుడు గోవిందరాజుల సుబ్బారావు, నాయకురాలు నాగమ్మ కన్నాంబ. మగవాళ్లు నిండిన కొలువులో రాజకీయం నడిపే ఆడమనిషి. ఇక్కడ ఆవిడ ఏడ్వరు. మాటను నిలిపి, చూపు నిలిపి, ఎదుటివాడు ముందు మాట్లాడేదాకా ఆగుతారు. అధికారం ఉన్న మనిషికి అరవాల్సిన పని లేదని ఆ నాగమ్మను చూసే నేను తెలుసుకున్నాను. తర్వాత నా అర్జునుడు కాస్త బాగుపడ్డాడంటే ఆ పుణ్యం ఆవిడదే.

ఏడేళ్ల తర్వాత, 1954లో, అదే ఎల్.వి. ప్రసాద్ 'మనోహర' తీశారు. సంకెళ్లలో శివాజీ గణేశన్, కరుణానిధి రాసిన డైలాగులు, తల్లి కన్నాంబ. సినిమా పొడుగునా కొడుకు ఆవేశాన్ని తన మాటతో అదిమిపెట్టిన తల్లి, చివరికి ఇక ఓర్పు చాలు, లెమ్మని చెబుతుంది. అప్పుడు కొడుకు సంకెళ్లు తెంచుకుంటాడు. ఆ లెమ్మన్న మాటలో బలం లేకపోతే శివాజీ అంతటి నటుడు ఎన్ని సంకెళ్లు తెంచినా ఆ సీను నిలబడదు. పాపకు ఈ సీను చూపించినప్పుడు నవ్వలేదు. ముందు నుంచీ చూసింది కాబట్టి నవ్వలేదు. అరగంట ముందు నుంచి ఆ తల్లి మింగుతున్న మాటలన్నీ విన్నాక ఆ కేక ఎందుకంత పెద్దదో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఆ తర్వాత మూడేళ్లకు 'తోడికోడళ్లు', 1957. ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వం. ఎస్వీ రంగారావు భార్యగా, మరుదుల్ని కన్నబిడ్డల్లా చూసుకునే పెద్ద తోడికోడలిగా కన్నాంబ. ఆ ఇంట్లో సూర్యకాంతం ఉన్నారు, సావిత్రి ఉన్నారు, నాగేశ్వరరావు ఉన్నారు. అంతమంది మధ్య కన్నాంబ గారు గొంతు తగ్గించారు, చెయ్యి తగ్గించారు. మన ఇళ్లల్లో పెద్దమ్మ మాట్లాడినట్టు మాట్లాడారు. కెమెరా దగ్గరికొచ్చిందని ఆవిడకు తెలుసు. కాలం మారిందనీ తెలుసు. ఓవర్ యాక్షన్ తప్ప మరోటి రాని నటి అయితే ఈ పాత్ర ఎలా చేసి ఉంటారు?

ఒక విషయం ఒప్పుకోవాలి. ఆవిడ చేసిన ప్రతి సీనూ ఈ రోజు కంటికి నప్పుతుందని నేననను. కొన్నిచోట్ల కెమెరా ముఖం మీదే ఉన్నా రంగస్థలం స్థాయిలోనే పలికారు. కొన్ని ఏడుపులు అవసరానికి మించి సాగాయి. అవి మీరు విద్యార్థులకు చెప్పండి, తప్పక చెప్పండి. ఈ సీనుకు ఈ స్థాయి ఎందుకు ఎక్కువైంది, ఎక్కడ తగ్గించాలి అని విడమర్చి చెబితే అది పాఠం. పేరు కూడా చెప్పకుండా ముక్క కోసి వేసి నవ్విస్తే పిల్లలకు మిగిలేది వెక్కిరింపే. మా పాపకు మిగిలింది అదే.

పైగా ఆవిడ కేవలం నటి కాదు. 1941లో 'తల్లిప్రేమ' మొదలుకుని భర్తతో కలిసి శ్రీరాజరాజేశ్వరీ ఫిలిం కంపెనీ పేరుతో వరసగా సినిమాలు తీశారు. నాటక సమాజం నడిపిన చేత్తోనే సినిమా కంపెనీ నడిపారు. 1963లో 'లవకుశ'లో కౌసల్యగా కనిపించారు. మరుసటి సంవత్సరం, 1964 మే 7న, యాభై దాటీ దాటకుండానే వెళ్లిపోయారు. తాటాకు పందిరి నుంచి రంగుల సినిమా దాకా, తెలుగు నటన మారిన దారంతా ఆవిడ ఒక్క జీవితంలో ఉంది. మీరు సిలబస్‌లో పరాయి దేశాల నటశిక్షకుల సిద్ధాంతాలు పెడతారు, పెట్టాల్సిందే. వాటి పక్కన ఈ దారికి కూడా చోటివ్వండి.

నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. మొదటి సెమిస్టర్‌లోనే 'పల్నాటి యుద్ధం', 'మనోహర', 'తోడికోడళ్లు' మొదటి నుంచి చివరిదాకా పిల్లలతో కలిసి చూడండి. పదేళ్ల వ్యవధిలో ఒకే నటి గొంతు, చెయ్యి, చూపు ఎలా మారాయో వాళ్లనే రాయమనండి. వారానికి ఒక రోజు మైకు లేకుండా, ఆరుబయట, ఒక పద్యం చెప్పించండి. ఒకరు చెబుతుంటే మిగతావాళ్లు మైదానం ఆ చివర నిలబడి వినాలి. ఏ అక్షరం వినబడలేదో వాళ్లే చెబుతారు. నేర్పడానికి పద్య నాటకాలవాళ్లు మన జిల్లాల్లో ఇంకా ఉన్నారు. బస్సు చార్జీలిస్తే వస్తారు, ఇవ్వకపోయినా చాలామంది వస్తారు. ఇక ఏ పాత నటి వీడియో వేసినా ముందు ఆవిడ పేరు, సినిమా పేరు, సంవత్సరం, ఆ సీనుకు ముందు కథ చెప్పండి. ఆ తర్వాత పిల్లలకు నవ్వొస్తే నవ్వనివ్వండి, నాకు అభ్యంతరం లేదు.

మా పాప ఆదివారం హాస్టలుకు వెళ్లిపోయింది. అంతకు ముందు రోజు పొద్దున్నే మేడ మీద నిలబడి చంద్రమతి పద్యం ఒకటి చెప్పింది. నేను వీధి చివర, కిరాణా కొట్టు దగ్గర నిలబడి విన్నాను. మొదటి రెండు పాదాలు అక్షరం పొల్లుపోకుండా వినబడ్డాయి. మూడో పాదం మధ్యలో ఊపిరి చాలక ఆగిపోయింది. మిగతా పద్యం మీ తరగతిలో మీరు నేర్పించండి.

నమస్కారాలతో,
ఒక పద్య నాటక కళాకారుడు